బీరువాలో ట్రైనింగ్ బొమ్మ

బొమ్మ పాడైపోతుందట. ఆ ఒక్క మాట తలుచుకుంటే చాలు, ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

నేను ఏఎన్ఎంని. సముద్రం ఒడ్డున ఒక ఊళ్లో సబ్ సెంటర్ నాది. ఈమధ్య దానికి రంగులేసి బోర్డు మీద పేరు మార్చారు గాని, ఊరివాళ్ళకి అది సబ్ సెంటరే, నేను నర్సమ్మనే. నేను పుట్టింది నరసన్నపేట దగ్గర, వరి పండించుకునే ఇంట్లో. వలలూ, ఐసు పెట్టెలూ, ఎండుచేపల వాసనా ఉద్యోగంతో పాటు నా బతుకులోకి వచ్చాయి. టీకాలు వేసేది నేనే, బీపీ చూసేది నేనే, గర్భిణీల వివరాలు రాసుకునేది నేనే, రాసుకున్నవన్నీ మళ్ళీ ఫోనులోకి ఎక్కించేదీ నేనే. కాన్పులు మాత్రం మా దగ్గర చేయకూడదు, పెద్దాసుపత్రికి పంపించాలి అని పైనుంచి ఆర్డరు. మంచి ఆర్డరే, కాదనను. కాని నొప్పులు ఆర్డర్లు చదువుకుని రావు కదా. తప్పనిసరైన రోజు పనికొస్తాయని మాకూ ఒక బల్లా, ఒక లైటూ, ఒక బ్యాగూ మాస్కూ ఇచ్చారు. పుట్టిన బిడ్డ ఊపిరి తీసుకోకపోతే గాలి పంపించే సాధనం అది. గుప్పెట్లో పట్టేంత రబ్బరు సంచి, దాని మూతికి చిన్న గిన్నెలాంటి మాస్కు. ఇచ్చారు, బాగానే ఉంది. వాడటం ఎవరు నేర్పుతారు? అందుకు ట్రైనింగ్ పెట్టారు.

ఆ ట్రైనింగ్ హాలు ఏ ఊళ్లో ఉందో చెప్పను. చెబితే నా మీద ఇంకో మెమో వస్తుంది. తెల్లారకుండా లేచి, నరసన్నపేటలో బస్సు మారి, టిఫిన్ కూడా తినకుండా వెళ్ళాను. అప్పటికి చాలా ఏళ్ళుగా టీకాలూ లెక్కలూ తప్ప కొత్తగా చేతికి ఏ పనీ రాలేదు. ఇవాళ ఒకటి నేర్చుకుంటాను కదా అని ఉత్సాహంగా వెళ్ళాను, నా ఖర్మ.

పెళ్ళికి ఒక పద్ధతి ఉన్నట్టే మా దగ్గర ట్రైనింగ్‌కీ ఒక పద్ధతి ఉంది. ముందు సంతకం. పొద్దుటిదీ మధ్యాహ్నానిదీ ఒకేసారి పెట్టించేసుకుంటారు, బస్సుకి తొందరపడేవాళ్ళకి ఇబ్బంది లేకుండా. తర్వాత బ్యానరు కింద ఫొటో. ఆ ఫొటో పై ఆఫీసుకి చేరేదాకా ఎవరూ కదలకూడదు. సిగ్నల్ లేకపోతే వచ్చేదాకా నవ్వుతూ నిలబడాలి. ఆపైన పెద్దల ఉపన్యాసాలు. ఒకాయన మాతృత్వం ఎంత పవిత్రమో చెప్పాడు. ఇంకొకాయన, మొదటాయన ఎంత బాగా మాట్లాడాడో చెప్పాడు. వాళ్ళు మాట్లాడినంతసేపూ మాలో సగం మందిమి ఒళ్ళో ఫోను పెట్టుకుని టీకాల లెక్కలు ఎక్కిస్తూనే ఉన్నాం. ట్రైనింగ్‌లో ఉన్నా సరే, ఆ రోజు లెక్క ఆ రోజు వెళ్ళాల్సిందే మరి.

ఆ ఫొటోలో మా ముందు బల్ల మీద బొమ్మ ఉంది. అప్పుడే పుట్టిన బిడ్డంత రబ్బరు బొమ్మ. దాని తల సరిగ్గా పెట్టి, మాస్కు సరిగ్గా పట్టి, సంచి నొక్కితే ఛాతీ పైకి లేస్తుంది. పట్టు తప్పితే లేవదు. పదిమంది చేతుల్లో పడి నలగడానికే చేసిన బొమ్మ అది. దాన్ని పాలిథీన్ కవరు కూడా విప్పకుండా బల్ల మీద పడుకోబెట్టి ఫొటో తీశారు. ఫొటో అవగానే స్టోర్స్ చూసే ఆయన వచ్చి, కవరుతో సహా దాన్ని ఎత్తుకుపోయి, అట్టపెట్టెలో పెట్టి, పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"మాకు చూపించరా అండీ?" అని అడిగాను.

"తెర మీద సూపిస్తారు కదమ్మా," అన్నాడాయన. "ఇంతమంది నొక్కితే బొమ్మ పాడైపోద్ది. అది నా పేరన ఉన్నాది. రేపో మాపో రిటైరైపోతన్నాను. తేడా వస్తే నా పెన్షను ఆపీస్తారు."

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. అదే నాకు ఇంకా కోపం. మా దగ్గర వస్తువు వాడినవాడికి సంజాయిషీ, దాచినవాడికి శభాష్. బీపీ మిషను అరిగితే ఎందుకు అరిగిందని అడుగుతారు. కొన్ననాటి కవరుతోనే మూల పడి ఉంటే ఎవరూ ఏమీ అడగరు. మా పీహెచ్‌సీలో చక్రాల కుర్చీ సీటు మీద ప్లాస్టిక్ ఇప్పటికీ తీయలేదు. దాని మీద కూర్చున్న ముసలివాళ్ళు జారిపోతూ ఉంటారు. అయినా తీయరు.

తెర మీద చూపించారు. ఎవరివో గ్లవ్స్ వేసుకున్న చేతులు, ఎవరిదో బొమ్మ, మాటలన్నీ ఇంగ్లీషు. బొమ్మకి మాస్కు పెట్టబోతుండగా వీడియో ఆగిపోయి మధ్యలో గుండ్రంగా తిరగడం మొదలెట్టింది. కాసేపు చూసి, "కాన్సెప్టు మీకు తెలుసు కదా" అని కట్టేశారు. పులిహోర పొట్లాలిచ్చారు. డౌట్లున్నాయా అని అడిగారు. బస్సులకి టైమైపోతోందని ఎవరూ ఏమీ అడగలేదు. ఇంటికొచ్చేసరికి ఫోనుకి సర్టిఫికెట్ వచ్చింది. పుట్టిన బిడ్డకి ఊపిరందించడంలో నేను శిక్షణ పొందానట.

మా ఊళ్లో చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల వరి ఊళ్ళన్నీ తిరిగే ఒకావిడ ఉంది. పెద్ద గొంతు, పెద్ద చెయ్యి, బేరంలో ఎవరికీ లొంగదు. నన్ను మాత్రం సొంత కూతురిలా చూస్తుంది. కొడుకు గుజరాత్ వైపు బోట్ల మీద పనికెళ్ళాడు. కోడలికి తొలి కాన్పు. ఆ పిల్ల అత్త నీడలో ఉండేది, పది మాటలకి ఒక మాట బదులిచ్చేది కాదు. నెలనెలా పరీక్షకి అత్తే తీసుకొచ్చేది. అన్నీ బాగానే ఉన్నాయి, పెద్దాసుపత్రిలో పేరు కూడా రాయించాను.

అనుకున్న రోజుకి ముందే నొప్పులు వచ్చాయి, అవీ జోరుగా. అంబులెన్సుకి ఫోను చేశాం, బయల్దేరామన్నారు. అది వచ్చేలోగా ఆటోలో నా దగ్గరికి తీసుకొచ్చేశారు. మిట్టమధ్యాహ్నం. బల్ల మీద పడుకోబెట్టాను, ఆశా కార్యకర్త నా పక్కనే ఉంది, అత్త కోడలి తల దగ్గర నిలబడింది. ఎక్కువసేపు పట్టలేదు. మగబిడ్డ బయటికి వచ్చాడు.

ఏడవలేదు.

తుడిచాను. వీపు రుద్దాను. అరికాళ్ళు తట్టాను. నోరూ ముక్కూ శుభ్రం చేశాను. ఇవన్నీ నాకు ఎప్పుడో నర్సు చదువులో ఒక ముసలి మేడమ్ చేయి పట్టుకుని నేర్పింది, అందుకే వచ్చాయి. బిడ్డ కదల్లేదు. బ్యాగు తీశాను. మాస్కు పెట్టి నొక్కాను. గాలి లోపలికి పోవడం లేదు. చెంప పక్కనుంచి బుస్సుమని బయటికొచ్చి నా వేళ్ళకే తగులుతోంది. గట్టిగా అదిమితే తల పక్కకి ఒరుగుతోంది. తల ఇంకా వంచాలా, ఎత్తాలా? మెడ కింద ఏమైనా పెట్టాలా? బుర్రలో వెతికితే గుండ్రంగా తిరుగుతున్న ఆ తెర తప్ప ఏమీ లేదు. అలాగే నొక్కుతూ ఉన్నాను. నొక్కుతూనే ఉన్నాను. అంబులెన్సు వచ్చి, అందులో పనిచేసే కుర్రాడు బిడ్డని నా చేతుల్లోంచి అందుకుని మాస్కు పట్టగానే ఆ చిన్న ఛాతీ లేచింది. నా కళ్ళతో చూశాను. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. పెద్దాసుపత్రి గుమ్మం దగ్గరే అంతా అయిపోయింది.

నేను మొదటి నిమిషంలో సరిగ్గా పట్టి ఉంటే బతికేవాడా? ఏమో. తర్వాత పెద్దాసుపత్రి డాక్టరుని అడిగాను, ఖాయంగా చెప్పలేనన్నాడు. కాని బతికే దారి ఒకటి ఉండేది. ఆ దారి బీరువాలో పెట్టి తాళం వేశారు. ఈ మాట నేను ఎవరి ముందైనా అంటాను.

మైల రోజులు గడిచాక నేనే వాళ్ళింటికి వెళ్ళాను. తిడుతుందని వెళ్ళాను. తిట్టినా బాగుండేది.

"నువ్వేటి సేస్తావమ్మా," అంది అత్త. "నువ్వు ఆపకండా ఎలగ నొక్కినావో నాను సూన్నేదా. మాకు రాసిపెట్టి నేదు. గుంటడు మనకోసం పుట్టనేదు, అంతే."

కోడలు గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. పాలు పడి జాకెట్టు తడిసిపోతోంది. ఆ పిల్లకి పాలు ఆగడానికి ఏం చేయాలో చెప్పి, మాత్రలిచ్చి, వచ్చేశాను. రాసిపెట్టి లేదన్న ఆవిడ మాటకి దారంతా పళ్ళు కొరుక్కుంటూ నడిచాను.

తర్వాత రివ్యూ మీటింగ్. ప్రతి మరణానికీ కారణం చెప్పాలి, అది నియమం. పెద్దాఫీసరు గోడ మీద ఫొటో వేయించాడు. బ్యానరు, బల్ల, బొమ్మ, వెనక వరసలో నేను. అందులో నేను నవ్వుతున్నాను, సిగ్నల్ కోసం.

"ఇది మీరే కదా సిస్టర్?"

"నేనేనండి."

"ట్రైనింగ్ అయ్యారు. పరికరం ఉంది. మరెందుకు చేయలేకపోయారు?"

"ఆ బొమ్మని చూడండి సార్. దాని మీద కవరు ఉంది. ఆ కవరు ఎవరూ విప్పలేదు. మాలో ఎవరమూ దాన్ని ముట్టుకోలేదు."

ఆయన ఫొటో వైపు చూసి, నా వైపు చూసి, "అది వేరే విషయం. సబ్జెక్టుకి రండి," అన్నాడు.

సబ్జెక్టు ఇంకేముంది? అదే సబ్జెక్టు. మెమో ఇచ్చారు. జవాబు రాశాను. రాసింది చూసి మా సూపర్‌వైజరు, మంచిదే పాపం, నన్ను పక్కకి పిలిచి "బొమ్మ సంగతి తీసెయ్యమ్మా, అందరికీ తలనొప్పి" అంది. తీయనన్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, అదీ నా పరిస్థితి. బిడ్డ పోయిన బాధ ఒకవైపు, నేర్పామని వీళ్ళు చెప్పే అబద్ధం ఒకవైపు. ఇంట్లో మా ఆయన అన్నం పెట్టమంటే కూడా విసుక్కున్నాను కొన్నాళ్ళు.

ఏడాది తిరక్కుండా చేపలావిడ కొడుకు వచ్చి వెళ్ళాడు. కోడలికి మళ్ళీ నెల తప్పింది. అత్త ఆ పిల్లని తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టింది.

"ఈ పాలి కూడా నీ సేతిలోనే పెడతన్నానమ్మా. ఆసుపత్రికే ఎల్తాం, ఎల్లకపోడమేటి. గాని దారిలో ఏదైనా అయితే నువ్వే దిక్కు."

ఈసారి కూడా నొప్పులు ముందే వస్తే? మళ్ళీ ఆ బల్ల, ఆ సంచి, నా రెండు చేతులు. ఆ చేతులకి ఇంకా ఏమీ రాదు. ఆ బిడ్డ పుట్టేలోగా నేను నేర్చుకోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మా ఆఫీసులో ట్రైనింగ్ వ్యవహారాలు చూసే గుమస్తా దగ్గరికెళ్ళి, వచ్చే బ్యాచిలో నా పేరు వేయమన్నాను. ఆయన కంప్యూటర్లో చూసి తల అడ్డంగా ఊపాడు.

"మీకు అయిపోయినాది కదండీ. అయిపోయినోళ్ళ పేరు మళ్ళీ కొడితే తీసుకోదు."

"అయిపోలేదండీ. నాకు రాదు."

"రాకపోడమేటండీ, సర్టిఫికెట్ ఉంటే."

బతిమాలాను. వాదించాను. కావాలంటే నా సర్టిఫికెట్ రద్దు చేయండి అన్నాను. అలాంటి ఏర్పాటు లేదన్నాడు. పోనీ ఒక పూట పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో నిలబడి చూసి నేర్చుకుంటాను, పంపండి అంటే, డ్యూటీ వదిలి వెళ్తే సెంటర్ ఎవరు చూస్తారన్నారు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఈ సామెత ఎవరు కట్టారోగాని మా డిపార్ట్‌మెంటులో పనిచేసి ఉండాలి.

తర్వాతి బ్యాచి ఎప్పుడో కనుక్కున్నాను. ఆ రోజుకి సెలవు పెట్టుకుని, సొంత టికెట్టుతో, యూనిఫాం లేకుండా వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నేర్చుకోవడానికి సెలవు పెట్టుకున్న గవర్నమెంటు ఉద్యోగిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. అదే సంతకాలు, అదే బ్యానరు. ఫొటోలో నేను నిలబడలేదు. ఫొటో అయింది. స్టోర్స్ ఆయన బొమ్మ కోసం వచ్చాడు. ఇంకా రిటైరవలేదు.

నేను లేచి వెళ్ళి బొమ్మ మీద చెయ్యి వేశాను.

"ఏటమ్మా ఇది? నువ్వు ఈ బ్యాచి కాదు కదేటి," అన్నాడు, నన్ను గుర్తుపట్టి.

"కాదు. బొమ్మ ఇక్కడే ఉంటాది. మేం నేర్చుకున్నాక తీసుకెళ్ళండి."

ఆ రోజు పాఠం చెప్పడానికి వచ్చింది ఒక పిల్లల డాక్టరమ్మ. వయసులో నాకంటే చిన్నది. "ఉండనివ్వండి సార్, నాకూ బొమ్మ ఉంటేనే మంచిది," అంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు కదా. ఆయన కవరు రెండో కొస పట్టుకున్నాడు.

"డాక్టరమ్మ ఎల్లిపోతారు. రేపు ఇది సినిగితే సమాధానం సెప్పుకోవాల్సినోడిని నాను," అన్నాడు. గొంతులో కోపం లేదు, భయం ఉంది.

నా గొంతులో మాత్రం కోపమే ఉంది. అరవలేదు, కాని హాలంతా వినిపించేలా అన్నాను. "మీ బొమ్మకి చిన్న గీత పడకుండా ఇన్నాళ్ళూ కాచుకున్నారు. బాగుంది. నా చేతుల్లో ఒక బిడ్డ పోయాడు. వాడికి రక్తమాంసాలున్నాయి. వాడి తల్లికి మళ్ళీ నెలలు నిండుతున్నాయి. వాడు పోతే ఎవరి పెన్షనూ ఆగలేదండీ. ఇది సినిగితే నా జీతంలో కోయమని రాసిస్తాను, కాగితం తెండి."

ముందు వరసలో ఉపన్యాసం కోసం కూర్చున్న పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. స్టోర్స్ ఆయన కాగితం తేలేదు. కవరు వదిలేసి, పోయి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నేను కవరు చింపాను. ఏళ్ళ తరబడి మూసి ఉన్న కొత్త రబ్బరు వాసన గుప్పుమంది.

డాక్టరమ్మ నా వెనక నిలబడి చెప్పింది. నేను ముందు చేసినట్టే చేశాను, తల బాగా వెనక్కి వంచేసి మాస్కు అదిమి నొక్కాను. బొమ్మ ఛాతీ లేవలేదు. "అంత వంచితే లోపల దారి మూసుకుపోతుందమ్మా. కొద్దిగా, వాసన చూస్తున్నట్టు ఉండాలి," అని భుజాల కింద మడత పెట్టిన గుడ్డ పెట్టించింది. మాస్కుని మీద నుంచి అదిమితే చాలదని, గడ్డాన్ని మూడు వేళ్ళతో పైకి, మాస్కు లోపలికి తేవాలని నా వేళ్ళు పట్టుకుని సరిచేసింది. మళ్ళీ నొక్కాను. ఛాతీ లేచింది. వదిలాను, దిగింది. నొక్కాను, లేచింది. పట్టు కావాలని తప్పించి, మళ్ళీ పట్టి, మళ్ళీ చేశాను. కళ్ళు మూసుకుని కూడా చేశాను. వచ్చేసింది. నా వెనక మిగతా వాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి నిలబడ్డారు. ఉపన్యాసాలు ఆ రోజు జరగలేదు.

మర్నాడు పొద్దున్నే అత్తా కోడలూ పరీక్షకి వచ్చారు. బీపీ చూశాను, బిడ్డ గుండె చప్పుడు వినిపించాను.

"నిన్న సెంటరు మూసున్నాది. ఎక్కడికెల్లిపోనావు?" అని అడిగింది అత్త.

"నేర్చుకోడానికి వెళ్ళాను."

"ఏటి నేర్సుకున్నావు?"

"బిడ్డ ఏడవకపోతే ఊపిరి అందించడం. ఇప్పుడు నాకు వచ్చు."

ఆవిడ ముఖం వెలిగింది. నా చెయ్యి తీసుకుని రెండు చేతుల మధ్య పెట్టుకుంది. "సల్లగుండు తల్లీ. అంత పెద్ద ఇద్దె నేర్సుకోడానికి ఎన్నాళ్ళు పట్టినాదో."

చాలా కాలం పట్టిందని చెబితే సరిపోయేది. వాళ్ళ మనసుకీ హాయి, నా ఉద్యోగానికీ హాయి. కాని నాకు ఆ ఫొటో మీద, ఆ సర్టిఫికెట్ మీద, ఆ బీరువా మీద ఎంత మంటగా ఉందంటే, ఆ ఆఫీసువాళ్ళందరి తరఫునా ఇంకో అబద్ధం నా నోటితో ఆడలేకపోయాను.

"అరగంట పట్టింది," అన్నాను.

అత్త నా చెయ్యి వదిలేసింది. కోడలు అప్పటిదాకా బల్ల మీద నుంచి దిగి చీర సర్దుకుంటోంది. అలాగే ఆగి, నా ముఖంలోకి చూసింది. ఇన్నాళ్ళలో ఆ పిల్ల తనంతట తాను నాతో మాట్లాడటం అదే మొదలు.

"అరగంటేనా?" అంది.